ఫ్లోరియానా 26 టైటిళ్లు: ఏ కాలంలో, ఎవరిపై, ఏ నేల మీద

మాల్టా ఫుట్‌బాల్ లీగ్‌ను ఎక్కువసార్లు గెలిచిన రికార్డును రెండు క్లబ్బులు పంచుకుంటున్నాయి. స్లీమా వాండరర్స్ 26 సార్లు, ఫ్లోరియానా 26 సార్లు ఛాంపియన్లుగా నిలిచాయి. 25 టైటిళ్లతో వాలెట్టా వాటి వెన్నంటే ఉంది. ఇది 2024–25 సీజన్ ముగిసేనాటి లెక్క, ఈ వ్యాసంలోని అంకెలన్నీ అక్కడిదాకానే. ఫ్లోరియానా గెలుపులను సీజన్ల వారీగా పరిచి చూస్తే ఒక విషయం వెంటనే కంటపడుతుంది. 1909–10 నుంచి 1936–37 దాకా 12 టైటిళ్లు, 1949–50 నుంచి 1957–58 దాకా 6, 1961–62 నుంచి 1976–77 దాకా మరో 6. ఆ తర్వాత గడిచిన దాదాపు అర్ధ శతాబ్దంలో వచ్చినవి రెండే, 1992–93లో ఒకటి, 2019–20లో ఒకటి.

అంటే 26లో 24 టైటిళ్లు 1977 లోపువే. ఈ క్లబ్ గురించి రాసేవాళ్లు చాలామంది 26 అనే అంకెను ఒక్క ముద్దగా చూపించి వదిలేస్తారు. దాన్ని విడగొట్టి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. లీగ్‌లో ఎన్ని బలమైన జట్లున్నాయి, మ్యాచ్‌లు ఎలాంటి నేల మీద జరిగాయి, గెలిచిన జట్టుకు బయటి దేశాల పోటీల్లో ఎన్ని అవకాశాలు దొరికాయి అనే మూడు విషయాలు మారినప్పుడల్లా ఫ్లోరియానా గతి మారింది.

ఊరు, బ్యారక్‌లు, ఆకుపచ్చ జెర్సీ

మాల్టా రాజధాని వాలెట్టా కోటగుమ్మం దాటగానే మొదలయ్యే ఊరు ఫ్లోరియానా. 1630లలో మాల్టా రక్షణ కోసం ఇటలీ నుంచి వచ్చిన సైనిక ఇంజినీరు పియెత్రో పావోలో ఫ్లోరియాని వాలెట్టాకు ముందువైపున మరో వరుస కోటగోడలు ప్రతిపాదించాడు. ఆ గోడల లోపల పెరిగిన ఊరికి ఆయన పేరే నిలిచింది. ఊరి విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు లోపే, ఇప్పటి జనాభా సుమారు రెండు వేలు. దేశం మొత్తం కలిపినా 316 చదరపు కిలోమీటర్లు, ఐదు లక్షల పైచిలుకు జనం. ఇంత చిన్న ఊరు ఇన్ని టైటిళ్లు ఎలా గెలిచిందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు బ్రిటిష్ సైన్యంలో ఉంది.

మాల్టా 1800 నుంచి 1964 దాకా బ్రిటిష్ వారి చేతిలో ఉంది. మధ్యధరా నౌకాదళానికి అదే ప్రధాన స్థావరం. రేవుకు, రాజధానికి మధ్య ఉన్న ఫ్లోరియానాలో బ్యారక్‌లు, కవాతు మైదానాలు ఉండేవి. పల్లె పిల్లలు ఫుట్‌బాల్ గురించి వినడానికి ముందే ఇక్కడి పిల్లలు రోజూ సాయంత్రం సైనికులు ఆడుతుంటే చూసేవారు. ఫ్లోరియానా క్లబ్ 1894లో పుట్టింది, మాల్టా ఫుట్‌బాల్ సంఘం 1900లో ఏర్పడింది. క్లబ్ వయసు సంఘం కంటే ఆరేళ్లు ఎక్కువ. లీగ్ లేని ఆ రోజుల్లో మంచి పోటీ కావాలంటే రెజిమెంట్ జట్లతో తలపడాల్సిందే. ఒంటి బలంలోనూ, జట్టుగా నిలబడి ఆడే క్రమశిక్షణలోనూ తమకన్నా ముందున్న వాళ్లతో ఆడుతూ ఎదగడం ఫ్లోరియానాకు దక్కిన తొలి లాభం.

ఇప్పటి ఆకుపచ్చ, తెలుపు రంగులు కూడా అలా వచ్చినవే. అంతకుముందు క్లబ్ రంగులు వేరు. 1905లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంట్ జట్టుతో ఫ్లోరియానా స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. రెండు జట్లూ జెర్సీలు మార్చుకున్నాయి, ఆ ఆకుపచ్చ తెలుపు జెర్సీనే ఫ్లోరియానా ఉంచేసుకుంది. ఈనాటికీ అభిమానులు ఈ క్లబ్‌ను 'ఐరిష్' అనే పిలుస్తారు. ఈ రెజిమెంట్ చరిత్రలో తెలుగు పాఠకులకు కాస్త దగ్గరి సంగతి ఒకటి ఉంది. 1881లో రాయల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్, రాయల్ బాంబే ఫ్యూజిలియర్స్ అనే రెండు దళాలను కలిపి దీన్ని తయారుచేశారు. రెండూ ఈస్టిండియా కంపెనీ ఐరోపా సైనిక దళాల వారసులే. కోస్తా తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి పెరిగిన దళం పేరు మార్చుకుని మాల్టా చేరి, అక్కడి క్లబ్‌కు రంగులిచ్చింది.

రెండు జట్ల లీగ్

1909–10లో మొదటి లీగ్ జరిగింది. ఐదు జట్లు ఆడాయి, ఫ్లోరియానా గెలిచింది. ఐదు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కోసారి తలపడితే అయ్యేవి మొత్తం పది మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు నాలుగు. ఇప్పటి లీగ్‌తో పోలిస్తే ఇది వారాంతపు టోర్నమెంట్ అంత. అలాగని ఆ టైటిళ్లు తేలికగా వచ్చాయనుకోవడం సరికాదు. నాలుగైదు మ్యాచ్‌ల లీగ్‌లో ఒక్క ఓటమితో సీజన్ చేజారుతుంది. గాయపడిన డిఫెండర్ కోలుకునేలోగా పోటీ ముగిసిపోతుంది. పొడవాటి లీగ్‌లో బలమైన జట్టుకు తప్పు దిద్దుకునే సమయం ఉంటుంది, పొట్టి లీగ్‌లో ఉండదు. కాబట్టి పొట్టి లీగ్‌ను ఒకసారి గెలవడంలో అదృష్టం పాలు ఎక్కువే కావచ్చు, పదే పదే గెలవాలంటే మాత్రం నిజంగా మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు పైన ఉండాలి. ఫ్లోరియానా 1911–12, 1912–13లో మళ్లీ గెలిచింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లీగ్ అసలు స్వరూపం బయటపడింది. 1919–20 నుంచి 1939–40 దాకా 21 సీజన్లు జరిగాయి. అందులో స్లీమా 11, ఫ్లోరియానా 9 గెలిచాయి. మిగిలిన ఒకే ఒక్క టైటిల్ 1931–32లో వాలెట్టా యునైటెడ్‌కు దక్కింది. 21లో 20 టైటిళ్లు రెండు ఊళ్ల మధ్యే తిరిగాయన్నమాట. ఫ్లోరియానా 1926–27 నుంచి వరుసగా మూడు గెలిస్తే, స్లీమా 1937–38 నుంచి వరుసగా మూడు గెలిచింది. సీజన్ మొత్తంలో ఈ రెండు జట్లూ ఎదురుపడే రోజే ఫైనల్ లాంటిది, మిగతా మ్యాచ్‌ల్లో పాయింట్లు జారవిడుచుకోకుండా ఉంటే చాలు.

మాల్టాలో ఇంకో పద్ధతి ఉంది, పట్టికలు చదివేవాళ్లు దాన్ని గుర్తుంచుకోవాలి. అగ్రస్థానంలో రెండు జట్ల పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూసి విజేతను తేల్చే అలవాటు అక్కడ లేదు. నిర్ణాయక మ్యాచ్ ఆడిస్తారు. 2018–19లో వాలెట్టా, హిబర్నియన్స్ ఇలాగే సమానంగా నిలిస్తే నిర్ణాయక మ్యాచ్ పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది, వాలెట్టా గెలిచింది. ఇలాంటి లీగ్‌లో బలహీన జట్లపై గోల్స్ వర్షం కురిపించినా ఒరిగేది లేదు. ప్రధాన ప్రత్యర్థి ముందు తొణకకుండా నిలబడే జట్టుకే విలువ.

కప్పు పోటీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మాల్టా సంఘం నడిపే కప్పు పోటీ ఎఫ్ఏ ట్రోఫీ 1934–35లో మొదలైంది, తొలి ఫైనల్లో ఫ్లోరియానాను ఓడించి స్లీమా కప్పు ఎత్తుకుంది. అంతకుముందు జరిగిన రకరకాల కప్పులు ఈ లెక్కలోకి రావు. ఫ్లోరియానా మొదటి ఎఫ్ఏ ట్రోఫీ 1938 నాటిది. అప్పటినుంచి 2022 దాకా 21 గెలిచింది. స్లీమా ఖాతాలో 2024 నాటిదాన్ని కలుపుకుని 22 ఉన్నాయి. కొన్ని పట్టికల్లో పాత కప్పులూ, ఈ ట్రోఫీలూ కలగలిసిపోయి ఫ్లోరియానాకు 22, 23 అని కనిపిస్తుంటుంది. 1934–35కు ముందున్నవి తీసేస్తే లెక్క సరిపోతుంది.

బాంబుల తర్వాతి పదేళ్లు

రెండో ప్రపంచ యుద్ధంలో 1940–41 నుంచి 1943–44 దాకా నాలుగు సీజన్లు లీగ్ జరగలేదు. రేవు పక్కనున్న ఊరు కావడంతో ఫ్లోరియానా మీద బాంబులు విపరీతంగా పడ్డాయి. 1942 ఏప్రిల్ 28న ఊరి నడిబొడ్డునున్న సెయింట్ పబ్లియస్ చర్చి దెబ్బతింది, ప్రాణాలూ పోయాయి. పోటీలు మళ్లీ మొదలైన 1944–45 సీజన్‌లోనే ఫ్లోరియానా ఎఫ్ఏ ట్రోఫీ గెలుచుకుంది. లీగ్ టైటిల్ కోసం మాత్రం ఇంకో అయిదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ ఆగిన కాలానికి వడ్డీతో సహా వసూలైంది. 1949–50 నుంచి 1952–53 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు, ఆపైన 1954–55, 1957–58. క్లబ్ చరిత్రలో అత్యున్నత దశ ఇదేనని ఏ పట్టిక చూసినా ఒప్పుకోవాల్సిందే. 1948–49 నుంచి 1957–58 దాకా పది సీజన్లు తీసుకుంటే లీగ్‌లో ఫ్లోరియానా 6, స్లీమా 4. అదే పదేళ్ల ఎఫ్ఏ ట్రోఫీల్లో ఫ్లోరియానా 7, స్లీమా 3. ఇరవై పెద్ద కప్పుల్లో ఒక్కటి కూడా మూడో జట్టుకు పోలేదు. ఒకే సీజన్‌లో లీగూ, ట్రోఫీ రెండూ గెలిచిన సందర్భాలు ఫ్లోరియానాకు అయిదున్నాయి. వాటిలో నాలుగు (1949–50, 1952–53, 1954–55, 1957–58) ఈ కాలానివే. అయిదోది 1992–93.

లోలీ డెబట్టిస్టా, టోనీ కౌచీ, పుల్లు డెమాన్వెలే లాంటి ఆటగాళ్లు ఆ తరం వాళ్లు. మాల్టా జాతీయ జట్టు తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌ను 1957 ఫిబ్రవరి 24న ఆస్ట్రియాతో గ్జీరాలోని ఎంపైర్ స్టేడియంలో ఆడి 2–3తో ఓడింది. ఆస్ట్రియా అంటే అంతకు మూడేళ్ల ముందే ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన జట్టు. ఒక్క గోల్ తేడాతో ఓడటం అప్పటి దేశవాళీ ఫుట్‌బాల్ మరీ నాసిరకం కాదని చూపిస్తుంది. అయితే ఆ మ్యాచ్ ఆడిన నేల గురించి కూడా చెప్పుకోవాలి. ఫ్లోరియానా యూరప్ ఫలితాలు అర్థం కావాలంటే ఆ నేల గురించి తెలియకుండా కుదరదు.

గ్జీరా నేల, యూరప్ పచ్చిక

తొలినాళ్లలో మ్యాచ్‌లు ఫ్లోరియానా, హమ్రున్ మధ్య బ్లాటా ఇల్-బయ్‌దా దగ్గరున్న మైల్ ఎండ్ మైదానంలో జరిగేవి. 1922లో ఎంపైర్ స్టేడియం తెరిచాక ఆట అక్కడికి మారింది, దాదాపు ఆరు దశాబ్దాలు అక్కడే సాగింది. ఆ మైదానంలో పచ్చిక లేదు. గట్టిగా దిమ్మిస కొట్టిన ఇసుక, కంకర పొర అది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న సున్నపురాయి ద్వీపంలో, మంచినీటికే కటకటగా ఉండే చోట పచ్చిక పెంచి నిలబెట్టడం అప్పట్లో అయ్యే పని కాదు.

అలాంటి నేల మీద బంతి నడత వేరుగా ఉంటుంది. నేలను తాకిన బంతి వేగం తగ్గదు, పైకి లేచే ఎత్తు ఎక్కువ, ఎటు లేస్తుందో ముందే తెలియదు. పొడవాటి పాస్ ఇస్తే అందేలోపు గీత దాటిపోతుంది. అందుకే బంతిని గాలిలోనే అదుపు చేసే నైపుణ్యం, దగ్గరదగ్గరగా నిలబడి చిన్న పాస్‌లు ఇచ్చే అలవాటు అక్కడి వాళ్లకు బాగా అబ్బాయి. పడితే తొడలు, మోచేతులు చెక్కుకుపోతాయి కాబట్టి జారుతూ బంతి లాక్కునే టాకిల్ ఎవరూ పెద్దగా చేయరు. నిలబడే అడ్డుకుంటారు. విదేశీ జట్లు ఇక్కడికొచ్చి ఇబ్బంది పడేవి. 1974 డిసెంబరులో ప్రపంచ ఛాంపియన్ పశ్చిమ జర్మనీ గ్జీరాలో 1–0తో మాత్రమే బయటపడింది. 1979 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చి 0–0తో వెనుదిరిగింది.

మాల్టా జట్లు విదేశాల్లో పచ్చిక మీదికి వెళ్లగానే పరిస్థితి తలకిందులయ్యేది. తడి పచ్చిక మీద బంతి నెమ్మదిస్తుంది, పాదానికి దగ్గరగా ఆగుతుంది, అంచనా వేసిన చోటికి రెండడుగుల ముందే నిలిచిపోతుంది. మెత్తటి నేల కాళ్ల సత్తువ లాగేస్తుంది. 60వ నిమిషం దాటాక డిఫెండర్లు వెనక్కి పరుగెత్తలేకపోతారు, గోల్స్ వరసపెట్టి పడతాయి. ప్రత్యర్థి జారుతూ వచ్చి బంతి లాక్కుంటుంటే తప్పించుకునే అలవాటు లేని ఫార్వర్డ్‌లు బంతిని వదిలేసుకుంటారు.

మాల్టా 1959లో ఫిఫాలో, 1960లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏలో చేరింది. 1961–62లో మాల్టా క్లబ్బులు తొలిసారి యూరప్ పోటీల్లోకి దిగాయి. దేశాల కప్పు విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో ఫ్లోరియానాకు హంగరీ జట్టు ఉయ్‌పెస్ట్ దోజా ఎదురైంది, ఇంటి దగ్గర 2–5, బయట 2–10. మరుసటి ఏడాది లీగ్ ఛాంపియన్లు ఆడే యూరోపియన్ కప్‌లో (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఇంగ్లండ్ ఛాంపియన్ ఇప్స్‌విచ్ టౌన్ ఎదురుపడింది. కొద్ది నెలల్లోనే ఇంగ్లండ్ జట్టు మేనేజర్ కాబోతున్న ఆల్ఫ్ రామ్సే అప్పుడు ఆ జట్టుకు మేనేజర్. మాల్టాలో 1–4, ఇప్స్‌విచ్ మైదానం పోర్ట్‌మన్ రోడ్‌లో 0–10. రెండో మ్యాచ్‌లో రే క్రాఫర్డ్ ఒక్కడే అయిదు గోల్స్ కొట్టాడు. 1965–66లో బొరుసియా డార్ట్‌మండ్ ఇక్కడ 5–1తో, అక్కడ 8–0తో గెలిచింది, ఆ ఎనిమిదిలో లోథర్ ఎమెరిచ్‌వి ఆరు. ఆ ఏడాది ఆ కప్పు చివరికి డార్ట్‌మండ్‌దే.

మిగతా ఫలితాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. 1966–67లో స్పార్టా రోటర్‌డామ్‌తో ఇంట 1–1, బయట 0–6. 1968–69లో ఫిన్లండ్ జట్టు రెయిపాస్ లాహ్తీతో ఇంట 1–1, బయట 0–2. 1973–74లో క్లబ్ బ్రుగ్‌తో బయట 0–8, ఇంట 0–2. 1977–78లో పనథినాయికోస్‌తో ఇంట 1–1, బయట 0–4. నేల తేడా ఒక్కటే కారణమైతే ప్రతిసారీ ఇలాగే జరగాలి. జరగలేదు. 1970–71లో స్పోర్టింగ్ లిస్బన్ ఇంటా బయటా కలిపి తొమ్మిది గోల్స్ కొట్టింది, 1975–76లో హజ్డుక్ స్ప్లిట్ గ్జీరాలోనే 5–0తో గెలిచింది. అసలు బలంలోనే చాలా తేడా ఉన్నచోట ఇంటి నేల కాపాడలేకపోయింది. తేడా మధ్యస్థంగా ఉన్నప్పుడు మాత్రం ఒక డ్రా, ఒక గౌరవప్రదమైన ఓటమి ఆ నేల వల్లే దక్కేవి. ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం సాధన చేసేవారన్నది కూడా మరిచిపోకూడదు. పది గోల్స్ తిన్న జట్టని నవ్వడం తేలిక. ఆ పదకొండు మందికి పచ్చిక మీద సాధన చేయడానికి తమ దేశంలో సరైన చోటు లేదన్న సంగతి పక్కనే రాస్తేనే ఆ లెక్క పూర్తవుతుంది.

దేశంలో మాత్రం 1967–68, 1969–70, 1972–73, 1974–75, 1976–77లలో అయిదు టైటిళ్లు వచ్చాయి. తర్వాత హమ్రున్ తరఫున కూడా మెరిసిన ఫార్వర్డ్ రేమండ్ షువెరెబ్ డెబ్బయ్యో దశకంలో ఫ్లోరియానా ఆటగాడే. ఈ అయిదింట్లో ఏ రెండూ వరుస సీజన్లలో రాలేదు. 1950ల నాటి జట్టులా పోటీని మింగేసే బలం ఇక లేదు. ఏడాది విడిచి ఏడాది గెలిచే స్థాయి ఉంది. ఆ తర్వాత అదీ పోయింది.

1977 తర్వాత ఏం మారింది

1976–77కూ 1992–93కూ మధ్య పదిహేను సీజన్లున్నాయి. వాటిలో వాలెట్టా 5, హమ్రున్ స్పార్టన్స్ 4, హిబర్నియన్స్ 3, రబాత్ అయాక్స్ 2, స్లీమా 1 గెలిచాయి. 1919 నుంచి 1940 దాకా 21 టైటిళ్లను మూడు జట్లు పంచుకుంటే, ఇప్పుడు 15 టైటిళ్లకు అయిదు జట్లు. స్లీమాకు కూడా ఒక్కటే వచ్చిందని గమనించాలి. పాత జంట రెండూ ఒకేసారి వెనకబడ్డాయంటే కారణం ఫ్లోరియానా పాలకవర్గం నిర్ణయాల్లో మాత్రమే ఉండదు, పోటీ స్వరూపంలోనే ఉంటుంది.

మొదటిది జనాభా. యుద్ధం తర్వాత కుటుంబాలు రేవు ప్రాంతం వదిలి ద్వీపం మధ్యకు, ఉత్తరానికి కదిలాయి. పెరిగే ఊళ్లలో పిల్లలు ఎక్కువ, అక్కడి క్లబ్బులకు ఆటగాళ్లు ఎక్కువ. రెండు వేల జనమున్న ఊరికి ఒక వయసు పిల్లల్లో పట్టుమని పదకొండు మంది దొరకడమే కష్టం. రెండోది మైదానం. 1980లు మొదలయ్యేసరికి ఆట ఎంపైర్ స్టేడియం నుంచి తా కాలిలోని జాతీయ స్టేడియం పచ్చిక మీదికి మారింది. గట్టి నేల మీద తరాలుగా కూడబెట్టిన నైపుణ్యానికి విలువ తగ్గి, అన్ని జట్లూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మూడోది, మాల్టా ప్రత్యేకత. అక్కడ లీగ్ మ్యాచ్‌లన్నీ రెండు మూడు ఉమ్మడి స్టేడియాల్లోనే జరుగుతాయి, ఇంటి మైదానం అనుకూలత దాదాపు ఎవరికీ ఉండదు. ఫ్లోరియానాకు సొంతంగా ఉన్నది 1964 సెప్టెంబరు 21న దేశ స్వాతంత్ర్య వేడుక జరిగిన ఇండిపెండెన్స్ అరీనా. సాధనకు అది పనికొస్తుంది గానీ పెద్ద లీగ్ మ్యాచ్‌లకు వేదిక కాదు.

1992–93లో లీగూ ట్రోఫీ రెండూ ఒకేసారి రావడం అందుకే పెద్ద విషయం. గోల్‌కీపర్ డేవిడ్ క్లూయెట్ ఆ తరం వాడే. ఆ తర్వాతి సీజన్‌లో ఛాంపియన్స్ లీగ్ ప్రాథమిక రౌండ్‌లో లిథువేనియా జట్టు ఎక్రనాస్‌ను దాటి, మొదటి రౌండ్‌లో పోర్తోను ఎదుర్కొంది. పోర్చుగల్‌లో 0–2, మాల్టాలో 0–0. పచ్చిక మీద ఆడి అంతటి జట్టును గోల్ కొట్టనివ్వకుండా ఆపిన ఆ మ్యాచ్‌కు, నా దృష్టిలో, గ్జీరా డ్రాలన్నిటికంటే ఎక్కువ విలువ ఉంది. నేల సాయం లేకుండా వచ్చిన ఫలితం అది.

తర్వాతి టైటిల్‌కు 27 ఏళ్లు పట్టింది. మధ్యలో 1994, 2011, 2017లలో ఎఫ్ఏ ట్రోఫీలు వచ్చాయి. 2011 గెలుపు తర్వాత సైప్రస్ జట్టు ఏఈకే లార్నకా చేతిలో ఇంట్లోనే 0–8తో ఓడింది. 2017లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ చేతిలో బయట 0–3తో ఓడినా ఇంట 3–3తో నిలిచింది. 2019–20 సీజన్ కోవిడ్ వల్ల మార్చిలో ఆగిపోయింది. మ్యాచ్‌లు ఇంకా మిగిలి ఉండగానే సీజన్‌ను ముగించి, పట్టికలో ముందున్న ఫ్లోరియానాకు సంఘం టైటిల్ ఇచ్చింది. ఇటలీకి చెందిన విన్చెంజో పోతెంజా అప్పటి కోచ్. పూర్తికాని సీజన్ టైటిల్ అని దీన్ని పక్కన పెట్టేవాళ్లున్నారు. కానీ 1909–10లో నాలుగు మ్యాచ్‌ల టైటిల్‌ను లెక్కలో ఉంచుకుని, సీజన్‌లో అత్యధిక భాగం ఆడి ముందు నిలిచిన జట్టు టైటిల్‌ను తీసేయడం న్యాయం కాదు. ఆ మరుసటి ఏడాది మరో క్లబ్ విషయంలోనూ ఇలాగే జరిగింది. 2020–21 సీజన్ కూడా మధ్యలో ఆగి, టైటిల్ హమ్రున్‌కు దక్కింది.

ఓడినా మిగిలే దారి

2020లో ఫ్లోరియానా యూరప్ ప్రయాణం చూస్తే పాత రోజులకూ ఇప్పటికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఛాంపియన్స్ లీగ్ మొదటి క్వాలిఫైయింగ్ రౌండ్‌లో రుమేనియా జట్టు సీఎఫ్ఆర్ క్లూజ్ చేతిలో 0–2తో ఓడింది. 1962లో అయితే కథ అక్కడితో ముగిసేది. ఇప్పుడు ఓడిన ఛాంపియన్ కింది పోటీలోకి దిగుతుంది. యూరోపా లీగ్ రెండో రౌండ్‌లో బెల్‌ఫాస్ట్ వెళ్లి లిన్‌ఫీల్డ్‌ను 1–0తో ఓడించింది. మూడో రౌండ్‌లో ఎస్టోనియా జట్టు ఫ్లోరా టాలిన్‌తో 0–0 డ్రా చేసి పెనాల్టీల్లో ఓడింది. ఆ ఏడాది కోవిడ్ ఆంక్షల వల్ల ఒక్కో రౌండ్‌కు ఒక్కటే మ్యాచ్. చిన్న జట్టుకు ఒకే మ్యాచ్ పద్ధతి లాభిస్తుంది. తొంభై నిమిషాలు గోడలా నిలబడితే చాలు, వారం తర్వాత బలమైన జట్టు సొంత మైదానంలో మళ్లీ తలపడాల్సిన పని లేదు.

2025లో హమ్రున్ స్పార్టన్స్ ఈ దారిని చివరిదాకా వాడుకుంది. ఛాంపియన్స్ లీగ్ మొదటి రౌండ్‌లో లిథువేనియా జట్టు జల్గిరిస్‌ను పెనాల్టీ షూటౌట్‌లో దాటింది. రెండో రౌండ్‌లో డైనమో కీవ్ చేతిలో ఓడి యూరోపా లీగ్ మూడో రౌండ్‌లోకి దిగింది. అక్కడ మకాబీ టెల్ అవీవ్ చేతిలో ఓడి ఇంకో మెట్టు కింది పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ ప్లేఆఫ్‌లోకి దిగింది. ఆ ప్లేఆఫ్‌లో లాట్వియా జట్టు ఆర్ఎఫ్ఎస్‌పై రెండు మ్యాచ్‌ల్లో కలిపి 3–2తో గెలిచి లీగ్ దశ చేరింది. యూరప్ పోటీల ప్రధాన దశలో అడుగుపెట్టిన మొదటి మాల్టా క్లబ్ అదే. నాలుగు పోరాటాల్లో రెండు గెలిచి, రెండు ఓడి అక్కడికి చేరిందన్నది గమనార్హం. అన్నిటికీ మూలం ఆ మొదటి గెలుపే. మొదటి రౌండ్‌లోనే ఓడి ఉంటే కాన్ఫరెన్స్ లీగ్ రెండో రౌండ్‌లోకి దిగి, లీగ్ దశకు వరుసగా మూడు గెలుపులు కావాల్సి వచ్చేది. మొదటి రౌండ్ గెలవడం వల్ల ఒక్క ప్లేఆఫ్ గెలుపు సరిపోయింది.

ఈ వెసులుబాటు లీగ్ ఛాంపియన్‌కే ఉంటుంది. ఎఫ్ఏ ట్రోఫీ గెలిచిన జట్టుగానో, లీగ్‌లో రెండు మూడు స్థానాల్లో నిలిచో వెళ్లే జట్టు నేరుగా కాన్ఫరెన్స్ లీగ్ తొలి రౌండ్లలో దిగుతుంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఫ్లోరియానా 2024, 2025లలో ఆ దారినే వెళ్లింది. 2024లో శాన్ మరీనో జట్టు త్రె పెన్నేను దాటాక పోర్చుగల్‌కు చెందిన విటోరియా గిమరాయిస్ చేతిలో ఆగింది. 2025లో వేల్స్ జట్టు హావర్‌ఫర్డ్‌వెస్ట్‌ను పెనాల్టీల్లో దాటింది గానీ లీగ్ దశకు చాలా దూరంలోనే నిలిచిపోయింది. ఎఫ్ఏ ట్రోఫీ పేరూ చరిత్రా గొప్పవే, కానీ ఈనాటి లెక్కలో లీగ్ టైటిల్‌తో అది సాటిరాదు.

మాల్టా జట్లు జులైలో తడబడటానికి ఇంకో కారణం క్యాలెండర్. అక్కడ సీజన్ మేలో ముగుస్తుంది, తొలి క్వాలిఫైయింగ్ రౌండ్ జులై రెండో వారంలోనే ఉంటుంది. జూన్‌లో కాంట్రాక్టులు ముగిసి ఆటగాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. మూడు నాలుగు వారాల సాధనతో, ఇంకా ఒకరి పరుగు ఒకరికి అలవాటుకాని జట్టుతో బరిలోకి దిగాలి. ఎదురుపడే బాల్టిక్, ఐస్‌లాండ్, ఐర్లండ్ జట్లు వసంతంలో మొదలుపెట్టి అప్పటికి సగం సీజన్ ఆడేసి ఉంటాయి. మొదటి మ్యాచ్ చివరి అరగంటలో మాల్టా జట్ల ఊపిరి అందక గోల్స్ పడటం తరచూ కనిపించేది ఇందుకే. జట్టు వెన్నెముకను, అంటే గోల్‌కీపర్‌ను, మధ్య డిఫెండర్లను, ఒక మిడ్‌ఫీల్డర్‌ను రెండేళ్ల కాంట్రాక్టులతో నిలుపుకుని, జూన్ మొదటి వారాల్లోనే సాధన మొదలుపెట్టే క్లబ్‌కు ఆ తొలి రౌండ్ దాటే అవకాశం బాగా పెరుగుతుంది. హమ్రున్ 2022–23, 2023–24, 2024–25లలో వరుసగా మూడు టైటిళ్లు గెలవడం వల్ల ఏటా అదే దారిలో వెళ్లి అనుభవం గడించగలిగింది. 1977–78 తర్వాత ఫ్లోరియానాకు ఛాంపియన్‌గా వెళ్లే అవకాశం 1993లో ఒకసారి, 2020లో ఒకసారి మాత్రమే దొరికింది. 1952–53 తర్వాత ఆ క్లబ్ వరుసగా రెండేళ్లు లీగ్ గెలవలేదు.